తుప్పు నతానియేలు

నతానియేలుకి కొత్త వస్తువు కనిపిస్తే చేతులు ఊరుకోవు. దాన్ని పాతది చేసేదాకా అన్నం సయించదు. అతని చేతికి ఒక కొత్త తాళంకప్ప ఇచ్చి చూడండి. అటు తిప్పి ఇటు తిప్పి, "పాపం, ఇది ఇంకా ఒక్క వానైనా చూడలేదు" అని జాలిపడతాడు. మర్నాటికల్లా ఆ కప్ప ముప్ఫై ఏళ్ళు ఏ ఉప్పు గోడౌను తలుపుకో వేలాడినట్టు తయారై మీ చేతికొస్తుంది. తాళంచెవి మాత్రం వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఎందుకంటే పైన ఉన్నది తుప్పు కాదు, తుప్పు రంగు. బందరులో సగం మంది అతన్ని తుప్పు నతానియేలు అంటారు. మిగతా సగం మంది పేరు కూడా కలపకుండా ఉత్త తుప్పు అంటారు. అతను రెండిటికీ పలుకుతాడు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. చిలకలపూడిలో ఇంటింటా ఇత్తడికీ రాగికీ బంగారు పూత వేసి, చూసేవాళ్ళ కళ్ళు చెదిరేలా నగలు చేస్తారు. ఆ పేటలోనే పుట్టి పెరిగి, మెరిసేవాటి మెరుపు తీసేసే మనిషి ఇతనొక్కడే. పోనీ పని చేతకాక ఇలా తయారయ్యాడా అంటే అదీ కాదు. ఇరవై రెండేళ్ళు పూత తొట్టెల దగ్గర నిలబడి గాజులు ముంచి తీసినవాడు. అతను పూత వేసిన గొలుసుని కంసాలి కూడా ఒకసారి గీటురాయి మీద గీసి చూసుకునేవాడు.

ఈ పిచ్చి మొదలవడానికి కారణం కూతురు జెనిఫర్. ఆ అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఆమె ఆఫీసులో కొందరు, పెళ్ళాం పిల్లలున్న పెద్దమనుషులే, ఆదివారం వస్తే ఒక బల్ల చుట్టూ చేరి, అంగుళం ఎత్తు సిపాయిల్ని బారులు తీర్చి, పాచికలు వేసి యుద్ధాలు చేసుకుంటారు. ఆ సిపాయిలు బూడిద రంగు ప్లాస్టిక్కులో వస్తారు. రంగులు ఎవరికి వాళ్ళు వేసుకోవాలి. మా నాన్న చేత వేయిస్తానని జెనిఫర్ ఓ డజను మందిని బందరు తెచ్చింది. నతానియేలు వారం రోజులు కూర్చుని, కవచాలకి మేలిమి బంగారం రంగు, కత్తులకి వెండి రంగు, చివరికి గుర్రాల డెక్కలకి కూడా మెరుపు పెట్టి, అందరినీ పెళ్ళివారిలా తయారు చేశాడు. కూతురు చూసి నవ్వు ఆపుకుంది. "యుద్ధం చేసొచ్చినవాళ్ళు ఇలా ఉంటారా నాన్నా?" అంది.

ఆ మాట నతానియేలుకి ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు టిఫిన్ డబ్బా కట్టించుకుని దివిసీమ బస్సెక్కాడు. నాగాయలంక రేవులో ఒడ్డుకి లాగిపెట్టిన ఒక పాత పడవ ముందు గొంతుక్కూచుని, దాని ఇనప బద్దల మీద తుప్పుని పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చూశాడు. పడవ గలాయన వచ్చి కొంటారా అని అడిగాడు. కొననండీ, తుప్పు చూసుకుంటున్నాను అన్నాడు ఇతను. పడవాయన కాసేపు ఆలోచించి, తుప్పు విడిగా అమ్మం అన్నాడు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో వస్తువులకి నెమ్మది లేకుండా పోయింది. గిన్నెలు తోమే స్పాంజి ముక్కలై రంగులో మునిగింది. దీపం మసి, ఇటుక పొడి, వాడేసిన టీపొడి, మంగినపూడి ఇసక, గుడివాడ నల్లరేగడి, నాగాయలంక బురద ఎండబెట్టి కొట్టిన పొడి, అన్నీ హోమియోపతి సీసాల్లో చేరి పేర్లతో సహా వరస కట్టాయి. భార్య ఎలీసబెతు ఒకసారి తొందరలో ఇటుక పొడిని కారం అనుకుంది. పులుసు రుచిలో ఏ తేడా రాలేదని నతానియేలు ఇప్పటికీ చెబుతుంటాడు, ఆవిడ లేనప్పుడు.

ఈ పనికి అతనిదో సిద్ధాంతం ఉంది. మరక ఊరికే పడదు, దాని వెనక ఒక కథ ఉండాలి. సిపాయికి బురద పుయ్యాలంటే ముందు వాడి చరిత్ర కావాలి. ఏ కాలవ దాటాడు, మడమ దాకా దిగాడా మోకాలి దాకా దిగాడా, కత్తి ఏ చేత్తో పడతాడు, అన్నీ తేలాలి. ఎడమచేతి వాటం వాడైతే డాలు గీరుకుపోయే పక్కే మారిపోతుంది. అందుకని కుంచె పట్టుకునే ముందు ప్రతి బొమ్మనీ, "నువ్వు ఎక్కడెక్కడ తిరిగావు?" అని అడుగుతాడు. బొమ్మ చెప్పదు కాబట్టి తనే చెప్పుకుంటాడు. ఆ కథ వినలేక ఎలీసబెతు పెరట్లోకి వెళ్ళిపోతుంది.

ఇలాంటి మనిషికి పక్కింటివాడిగా దేవుడు వెంకటసుబ్రహ్మణ్యం గారిని ఏరి మరీ పెట్టాడు. సుబ్రహ్మణ్యం గారు ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళు చూసి రిటైరైన మనిషి. ఆయన జీవితాశయం ఒక్కటే, కొన్న వస్తువు కొన్నట్టే ఉండాలి. టీవీ రిమోటు పాలిథిన్ సంచిలో ఉంటుంది. ఫ్రిజ్ కొని పదకొండేళ్ళైనా తలుపు మీది స్టిక్కరు అలాగే ఉంది. స్కూటరు సీటుకి షాపువాళ్ళు వేసిన కవరు పాడవకుండా దాని మీద ఇంకో కవరు వేయించారు. ప్రతి వస్తువు బిల్లూ, గ్యారంటీ కార్డూ తేదీల వారీగా ఒక ఫైల్లో ఉంటాయి. ఈ ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒక్క గోడ. పొద్దున్నే ఆ గోడ మీద రెండు కాఫీ గ్లాసులు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ కాఫీ ఆగలేదంటే ఆశ్చర్యమే.

ఆగిపోయేంత పని ఒకసారి జరిగింది. స్కూటరు కొన్న మూడో రోజు సుబ్రహ్మణ్యం గారు పొద్దున్నే చూసేసరికి ముందు మడ్‌గార్డు మీద పెచ్చులూడి, లోపలి ఇనుము కనిపిస్తూ, అంచుల్లో తుప్పు ముసిరి ఉంది. ఆయన గుండె ఒక్క లిప్త ఆగింది. గోడ అవతల నతానియేలు చేతిలో స్పాంజి ముక్క చూశాక మళ్ళీ కొట్టుకుంది, ఈసారి కోపంతో.

"రెండే రెండు చుక్కలు బావగారూ," అన్నాడు నతానియేలు. "నిన్న పెడన రోడ్డులో కంకర లారీ వెనకాల వచ్చారు కదా. ఆ దెబ్బలు తగలాలిగా?"

"తగల్లేదయ్యా. తగలకుండానే వచ్చాను."

"అదేనండీ, అలా అంటే చూసేవాళ్ళు నమ్మరు."

సుబ్రహ్మణ్యం గారు గుడ్డ మీద కాస్త పెట్రోలు పోసి తుడిస్తే దెబ్బలన్నీ మాయమై స్కూటరు మళ్ళీ పెళ్ళికూతురైంది. పరాయివాళ్ళ వస్తువు మీద తుడిస్తే పోయే రంగు తప్ప వాడనని నతానియేలు తన నియమం చెప్పుకున్నాడు. అప్పట్నుంచి సుబ్రహ్మణ్యం గారి ఇంట్లో ఒక గుడ్డా, ఒక పెట్రోలు సీసా సిద్ధంగా ఉంటున్నాయి.

చర్చి గేటు సంగతి మాత్రం తుడిచేసే వేళ దాటిపోయింది. సంఘం వాళ్ళు కొత్త ఇనప గేటు చేయించి, మీ చేత్తో ఒక్క పూత వెయ్యండి చాలు అని నతానియేలుకి అప్పగించారు. చాలు అన్న మాట అతనికి వినపడలేదు. మూడో రోజుకి ఆ గేటు డచ్చివాళ్ళు ఓడలో తెచ్చి దింపినట్టు తయారైంది. ఊరు చూడటానికి వచ్చిన వాళ్ళెవరో దాని పక్కన నిలబడి ఫోటోలు దిగి, ఇది ఏ శతాబ్దం నాటిదని పాస్టరు గారిని అడిగారు. ఆయన అబద్ధం ఆడలేరు. నిజం చెబితే గేటు పరువు పోతుంది. "చూడటానికి అలా ఉంటుందండీ" అని లోపలికి వెళ్ళిపోయారు. ఇప్పుడు సంఘానికి ఆ గేటంటే ఎంత గర్వమంటే, దానికి రంగు వేయిస్తామని ఎవరైనా విరాళం ఇవ్వబోతే పుచ్చుకోరు.

గర్వపడాల్సిన మనిషే మరి. రెండేళ్ళ కిందట బెంగళూరులో ఈ బొమ్మలకి పెద్ద పోటీ జరిగితే, నతానియేలు పంపిన ఇరవైమంది సిపాయిల దళానికి మొదటి బహుమతి వచ్చింది. కాలవ దాటి ఒడ్డెక్కుతున్న దళం అది. ఒక్కొక్కడి కాళ్ళకీ బురద ఒక్కో ఎత్తున ఉంది. ఆ బురద పొడి ఏ కంపెనీదని జడ్జీలు అడిగితే, నాగాయలంక రేవుదండీ అన్నాడట. ఆ వార్తని కూరగాయల మార్కెట్టు నుంచి బ్యాంకు దాకా మోసినవారు సుబ్రహ్మణ్యం గారే. బ్యాంకులో ఆయన ముందు నిలబడ్డ పాపానికి ఒక ముసలాయన పూర్తి కథ విని, సంతకం చెయ్యడం మర్చిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇలా హాయిగా గడుస్తుండగా, ఈ ఏడు వేసవి చివర్లో సుబ్రహ్మణ్యం గారి భార్య శేషారత్నం గారు పెరట్లో పంపు దగ్గర కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. విజయవాడలో ఆపరేషన్ చేశారు. డాక్టరు గారు ఇంటికి పంపిస్తూ, మా పని అయిపోయింది, ఇక మీదే అన్నారు. నెల తిరిగేలోగా వాకరు పట్టుకుని నడక మొదలుపెడితే మళ్ళీ మామూలు మనిషవుతారు, లేదంటే మంచానికి అలవాటు పడిపోతారు, తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు అని స్పష్టంగా చెప్పారు.

సుబ్రహ్మణ్యం గారు ఆ రోజే వెళ్ళి దొరికిన వాటిలోకెల్లా మంచి వాకరు కొన్నారు. నాలుగు కాళ్ళ అల్యూమినియం వాకరు, తళతళలాడిపోతోంది. పట్టుకునే పిడులకి కవర్లు తియ్యలేదు, చేతులు పెడితే మాసిపోతాయని. దాన్ని మంచం పక్కన పెట్టి, లేవమన్నారు. శేషారత్నం గారు దాన్ని చూసి మొహం తిప్పుకున్నారు.

ఆవిడ ముప్ఫై ఏళ్ళు సైన్సు టీచరు. ఏ మాటనైనా రుజువు లేకుండా ఒప్పుకునే మనిషి కాదు. "మీరు కొన్న వస్తువు ఒక్కటైనా ఈ ఇంట్లోంచి బయటికెళ్ళిందా?" అని అడిగారు. "మిక్సీకి ఇరవై ఆరేళ్ళు. మీ గొడుక్కి పంతొమ్మిదేళ్ళు. మీరు దీన్ని కొన్నారంటే ఇక నా బతుకంతా దీంతోనే. నాకొద్దు. ఇలాంటిది పట్టుకుని లేచి, ఆ తర్వాత వదిలేసి నడిచిన మనిషిని ఒక్కళ్ళని చూపించండి. అప్పుడు ఆలోచిస్తాను."

నలభై ఏళ్ళుగా తాను గొప్ప అనుకున్న గుణమే ఇలా ఎదురు తిరుగుతుందని ఆయన అనుకోలేదు. పది రోజులు బతిమాలారు, కోప్పడ్డారు. వ్యాయామం చేయించే అమ్మాయి నిస్సీ రోజూ వచ్చి, మంచం మీదే కాళ్ళు కదిలించి, తల అడ్డంగా ఆడిస్తూ వెళ్ళేది. శేషారత్నం గారు గోడవైపు తిరిగి పడుకునేవారు. క్లాసులో నలభైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి అలా పడుకుంటే ఆయనకి ఇల్లంతా చీకటైనట్టుంది. గోడ మీద కాఫీ చల్లారిపోతుంటే, ఆయన నతానియేలుతో జరిగిందంతా చెప్పి, ఆ వాకరుని తీసుకెళ్ళి షాపులో ఇచ్చేసి రమ్మన్నారు, అది కళ్ళముందుంటే ఆవిడకి మరీ కష్టంగా ఉంది అన్నారు.

నతానియేలు దాన్ని అందుకున్నాడు. విచిత్రంగా, దాని మెరుపు వైపు చూడనే లేదు. టీచరు గారికి ఆపరేషన్ ఏ వైపు జరిగింది, ఏ చేత్తో రాస్తారు, నిలబడేటప్పుడు ఏ చేతి మీద ఆనుకుంటారు అని అడిగాడు. షాపువాడికి ఇవన్నీ ఎందుకయ్యా అని సుబ్రహ్మణ్యం గారు విసుక్కున్నారు. అతను వాకరుని చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత నాలుగు రోజులు గోడ మీద ఒక్క గ్లాసే ఉంది. నతానియేలుకి నడుం పట్టేసిందట, ఇంట్లో వంగి వంగి నడుస్తున్నాడట అని వీధిలో అనుకున్నారు. ఐదో రోజు పొద్దున్నే అతను గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. నడుం బాగానే ఉంది. చేతిలో ఒక వాకరుంది, ఎవరో తెగ వాడి పారేసిన వాకరు.

"గూడూరు సుబ్బాయమ్మ గారిదండీ," అన్నాడు. "ఆవిడకి ఇక అక్కర్లేదట. టీచరు గారు ఒకసారి చూస్తారేమోనని."

సుబ్రహ్మణ్యం గారికి ఒళ్ళు మండింది. ఇంట్లో మనిషి ఈ స్థితిలో ఉంటే ఇలాంటి మురికి వస్తువు తెస్తాడా? పైగా ఇదేదో అతని స్పాంజి పనేమో అని అనుమానం. దాన్ని పంపు దగ్గరికి లాక్కెళ్ళి సబ్బుతో తోమారు, డెట్టాలు పోశారు, చివరికి పెట్రోలు గుడ్డతో రుద్దారు. ఒక్క మరకా కదలలేదు. నతానియేలు రంగైతే ఈపాటికి పోయేది. కాబట్టి ఇది నిజమైన మురికే అని ఆయన తేల్చుకున్నారు. తేల్చుకుని, ఇంకా అసహ్యించుకుంటూ లోపలికి తెచ్చారు.

శేషారత్నం గారు మొదట ఓరకంట చూశారు. తర్వాత ఇటు తిరిగారు. తర్వాత కళ్ళజోడు అడిగారు. పడుకునే, దాని కాళ్ళనీ కీళ్ళనీ పరీక్ష పేపరు దిద్దినట్టు చూశారు.

"అల్యూమినియానికి తుప్పు పట్టదు, దీనికీ పట్టలేదు, కళ మాత్రం తగ్గింది. మరలకి పట్టింది. సరిగ్గానే ఉంది," అన్నారు. "కుడి పిడి బాగా అరిగింది. బరువంతా కుడిచేతి మీద వేసేదన్నమాట. అంటే దెబ్బ ఎడమ తుంటికి."

"అవునండీ," అన్నాడు నతానియేలు. శేషారత్నం గారి దెబ్బా ఎడమ తుంటికే.

ఆవిడ ఇంకా చూస్తున్నారు. ఆ వాకరు కాళ్ళకి కింది గొట్టం పై గొట్టంలోకి దూరి ఉంటుంది. పై గొట్టానికి వరసగా మూడు చిల్లులున్నాయి. బొత్తం నొక్కి కింది గొట్టాన్ని లాగి, ఏ చిల్లు దగ్గర ఆపితే అంత ఎత్తు. మొదటి చిల్లు చుట్టూ గీతలు బోలెడు. రెండోదాని చుట్టూ కాసిని. మూడోదాని చుట్టూ ఒకటీ అరా. ఆవిడ ఆ మూడింటినీ వేలితో తడిమారు. మొదట్లో బాగా వంగి నడిచి, పోను పోను నిటారుగా అయ్యిందన్నమాట అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. ముందు కాలి మీద, గడప ఎత్తున, సన్నగా పసుపు అంటుకుని ఉంది. గడప కూడా దాటిందే అన్నారు.

"వయసెంత ఆవిడకి?"

"ఎనభై ఒకటండీ."

"ఇప్పుడేం చేస్తోంది?"

నతానియేలు ఒక్క క్షణం తడబడ్డాడు. "కోళ్ళని తరుముతోందండీ."

శేషారత్నం గారికి అరవై ఏడు. ఆవిడ మొహంలో, సుబ్రహ్మణ్యం గారు పెళ్ళైన కొత్తలో చూసి భయపడ్డ ఒక పట్టుదల కనిపించింది. చెయ్యి ఇవ్వండి అన్నారు. ఆ రోజు మంచం నుంచి కిటికీ దాకా నాలుగు అడుగులు వేశారు. నిస్సీ ఆ సాయంత్రం వచ్చి చూసి, ఏం మందు వాడారని అడిగింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో సుబ్బాయమ్మ గారి పేరు రోజుకి పదిసార్లు వినపడేది. పదో రోజుకి ఆవిడ ఎంత దూరం నడిచిందో కనుక్కోండి అని శేషారత్నం గారు పురమాయించేవారు. గేటు దాకానటండీ అని నతానియేలు చెమటలు కక్కుతూ చెప్పేవాడు. అయితే నేను గేటు దాటతాను అని ఈవిడ దాటేవారు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. నతానియేలు నోటితో ఆడే అబద్ధం ఏ కోశానా అతికేది కాదు. ఒకరోజు సుబ్బాయమ్మ గారికి ఆరు కోళ్ళుండేవి, ఇంకోరోజు రెండు గేదెలు. మూడో వారంలో సుబ్రహ్మణ్యం గారే వాకరు ఎత్తు రెండు చిల్లులు పెంచారు. లోపల్నుంచి వచ్చిన గొట్టం ముక్క నిగనిగలాడుతుంటే ఆయన ప్రాణం లేచొచ్చింది. ఈ ముక్క మాత్రం ఎంత శుభ్రంగా ఉంచుకుందో చూడు మహాతల్లి అని మెచ్చుకున్నారు. శేషారత్నం గారు ఆ ముక్కని కాసేపు చూసి, ఏమీ అనకుండా నడక సాగించారు.

రెండు నెలలు దాటేసరికి ఆవిడ వీధి చివరి దాకా వెళ్ళి వస్తున్నారు. దారిలో ప్రతి గేటు దగ్గరా ఆగి కబుర్లు కూడా మొదలయ్యాయి. సుబ్రహ్మణ్యం గారి మనసు నిండిపోయింది. తన భార్యని లేపింది ఆ గూడూరు ముసలావిడే కదా, ఆవిడకి చీర పెట్టి రావాలనుకున్నారు. పెడన వెళ్ళి, నాంచారయ్య అనే నేతగాడి ఇంట్లో మంచి నేత చీర కొన్నారు. నాంచారయ్య తొడ ఎముక విరిగి మగ్గం పక్కన మంచం మీద ఉన్నాడు. చీర అతని కూతురు ఇచ్చింది. గూడూరు వెళ్తున్నానని ఆయన ఇంట్లో చెబితే, శేషారత్నం గారు ఎందుకో పెదవి బిగించి, వెళ్ళి రండి అన్నారు.

గూడూరులో ముగ్గురు సుబ్బాయమ్మలు తేలారు. ఒకావిడ టీకొట్టు నడుపుతోంది, నలభై దాటలేదు. ఇంకొకావిడ కూతురి దగ్గర గుడివాడలో ఉంటోంది. మూడో ఆవిడకి ఎనభై పైమాటే. సుబ్రహ్మణ్యం గారు సంతోషంతో నమస్కారం పెట్టి, మీ తుంటి ఇప్పుడెలా ఉందండీ అని అడిగారు. ఆవిడ కోపంతో లేచి నిలబడింది. "నా తుంటికేం? గుండ్రాయిలా ఉంది. ముందు నీ నడుం చూసుకో నాయనా." వాకరన్న మాట కూడా ఆవిడ ఎప్పుడూ వినలేదు. సుబ్రహ్మణ్యం గారికి ఏం చెయ్యాలో తెలియక చీర ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ శాంతించి, పెరట్లోంచి ఒక కట్ట మునక్కాయలు తెచ్చి ఇచ్చింది.

ఇంటికొచ్చాక శేషారత్నం గారు సుబ్బాయమ్మ గారు బాగున్నారా అని అడిగారు. బాగున్నారు, మునక్కాయలు పంపారు అన్నారాయన, ఆవిడ మొహం చూడకుండా. ఆ తర్వాత తన ఫైలు తీశారు. వాకరు గ్యారంటీ కార్డు మీద ఒక నంబరుంది. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు మంచం పక్కనున్న వాకరుని బోర్లా తిప్పి, అడ్డకమ్మీ అడుగున చెక్కిన నంబరు చదివారు. రెండుసార్లు చదివారు. అదే నంబరు.

నతానియేలు తన పెరటి షెడ్డులో ఒక గుర్రం డెక్కకి బురద పూస్తుండగా సుబ్రహ్మణ్యం గారు కార్డు తీసుకెళ్ళి అతని ముందు పెట్టారు. అతను కుంచె కింద పెట్టి, లుంగీకి చేతులు తుడుచుకున్నాడు.

"షాపుకి వెళ్ళలేదు కదూ?"

"లేదండీ."

"మరి పెట్రోలుకి కూడా పోలేదేం?"

"పైన నగల మెరుపు పోకుండా వేసే పూత వేశానండీ. మెరుపునైనా మురికినైనా అది ఒకేలా కాపాడుతుంది."

టీ ఇవ్వడానికి వచ్చిన ఎలీసబెతు ఇక ఆగలేక మిగతాది చెప్పేసింది. ఆ నాలుగు రోజులూ బెంగళూరు పోటీకి బొమ్మలు పంపాల్సిన గడువు. వాటిని మూట కట్టి అటక మీద పెట్టేశాడు. ఎనభై ఏళ్ళ మనిషి ఎక్కడ ఆనుకుంటుందో తెలియాలని, తనే ఎడమ కాలు ఈడుస్తూ ఆ వాకరుతో ఇల్లంతా తిరిగాడు. గడప దాటుతూ రెండుసార్లు పడ్డాడు కూడా. ఈ ఏడు పోటీకి ఎందుకు పంపలేదని అడిగినవాళ్ళకి మాత్రం రంగు ఆరలేదని చెప్పాడు.

"ఆవిడ రుజువడిగారు కదండీ," అన్నాడు నతానియేలు తలొంచుకుని. "నా దగ్గరున్న విద్య ఇదొక్కటే. సుబ్బాయమ్మ గారి విషయంలో నోటితో అబద్ధాలాడినందుకు ప్రతి ఆదివారం ప్రార్థన చేసుకుంటున్నాను."

"వాకరు మీద ఆడినదో?"

"అది పనండీ."

సుబ్రహ్మణ్యం గారికి ఆ మనిషిని కౌగిలించుకోవాలనిపించింది, కానీ అలవాటు లేక పక్కనున్న స్పాంజి ముక్కని తీసి మళ్ళీ అక్కడే పెట్టారు. శేషారత్నానికి ఈ సంగతి చచ్చినా తెలియకూడదు అని మాత్రం అన్నారు.

"ఏ సంగతి?" అని గుమ్మంలోంచి వినిపించింది. శేషారత్నం గారు నిలబడి ఉన్నారు. వాకరు ఆవిడ ముందు లేదు, ఒక చేత్తో మడిచి పట్టుకున్నారు. ఇంటి నుంచి షెడ్డు దాకా దాని సాయం లేకుండా వచ్చారు. అది డెబ్భై ఆరో రోజు.

"రెండు చిల్లులు పెంచినప్పుడు లోపలి గొట్టం కొత్త స్టీలు గ్లాసులా బయటికొచ్చింది," అన్నారు. "సుబ్బాయమ్మ ఆ ఎత్తున నడిచి ఉంటే ఆ ముక్కకీ మురికి పట్టాలి కదా నతానియేలు గారూ. రెండంగుళాలు మర్చిపోయారు."

నతానియేలు మొహం వాడిపోయింది. దొరికిపోయినందుకు కాదు, రెండంగుళాలు మర్చిపోయినందుకు. "అయ్యో," అని గొణిగాడు. "మూడో వారంలోనే తెలిసిపోయిందాండీ? మరి ఎందుకు అడగలేదు?"

"ఒక మనిషి నాలుగు రోజులు కూర్చుని, నేను లేస్తానని ఇంత వివరంగా నమ్మాడు. అది చూశాక లేవకుండా ఎలా ఉంటాను?" అన్నారు శేషారత్నం గారు. వెంటనే టీచరు గొంతు తెచ్చుకుని, కూర్చోడానికి కుర్చీ వెయ్యండి అన్నారు.

నతానియేలు వాకరుని అందుకుని, ఆ రెండంగుళాలూ పూర్తి చేద్దామని భూతద్దం తీశాడు. తీసినవాడు అలాగే ఉండిపోయాడు. ముందు అడ్డకమ్మీ మధ్యలో, అతని పూత అరిగి, లోపలి లోహం మెత్తగా, పాలమీగడలా తేలి ఉంది. అక్కడ అతనేమీ చెయ్యలేదు. కాసేపటికి అర్థమైంది. ప్రతి గేటు దగ్గరా ఆగి, ఈ కమ్మీ మీద మోచేతులు ఆన్చి, ఈవిడ కబుర్లు చెప్పిన చోటది. "ఇది నాకు తట్టలేదండీ," అన్నాడు గౌరవంగా. "ఎంత ఆలోచించినా తట్టేది కాదు."

కుంచె ముంచబోతే శేషారత్నం గారు చెయ్యి అడ్డం పెట్టారు. దీన్ని ఇక ముట్టుకోవద్దు, ఇది నిజంగానే పాతదైంది అన్నారు. అంతటితో ఆగలేదు. పెడనలో నాంచారయ్య సంగతి ఆవిడ భర్త నోట విని ఉన్నారు. అతనికి కూతురు తెచ్చిన కొత్త వాకరు గోడకి ఆనించే ఉందట, ఇక మగ్గం గుంటలో దిగలేనని మంచం దిగడం లేదట. మర్నాడు పొద్దున్నే నలుగురూ ఆటో కట్టించుకుని పెడన బయల్దేరారు, వాకరుతో సహా.

నాంచారయ్య ఆ వాకరుని ఎగాదిగా చూశాడు. "ఎవరిదండీ ఇది? వాళ్ళు ఏమయ్యారు?"

నతానియేలు నోరు తెరవబోయాడు. శేషారత్నం గారు వారించారు. "నాది. ఇదిగో, ఇలా అయ్యాను," అని లేచి, మగ్గం ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి అతని మంచం ముందు నిలబడ్డారు.

"ఎన్ని రోజులు పట్టిందండీ?"

"డెబ్భై ఆరు."

నాంచారయ్య గడ్డం గోక్కుంటూ కాసేపు లెక్క వేసుకున్నాడు. "నాకు అరవై చాలు," అన్నాడు.

"మాటలు తర్వాత. ముందు కాళ్ళు కింద పెట్టండి."

అతను పెట్టాడు. ఇరుగుపొరుగు వాళ్ళు గుమ్మంలో మూగి చూస్తున్నారు. ఎవరండీ ఆవిడ అని ఒకతను అడిగాడు. మా ఆవిడండీ అని సుబ్రహ్మణ్యం గారు ఛాతీ విరుచుకుని చెప్పారు. మరి ఆయనెవరండీ అని అడిగితే, నతానియేలు భుజం మీద చెయ్యి వేసి, "మా వాడు" అన్నారు.